"పని చెయ్యట్లేదు" అంటే చాలదు: ఓపెన్‌బిఎస్‌డికి మన మెషిన్ల కబురు పంపడం

మా షాపు విశాఖలోని డాబాగార్డెన్స్‌లో, మెట్లెక్కితే రెండో అంతస్తు. రోజుకి ఇద్దరైనా వస్తారు, ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి "పని చెయ్యట్లేదండీ, చూసి ఉంచండి, సాయంత్రం వస్తాను" అనేసి దిగిపోయేవాళ్లు. ఏటి పని చెయ్యట్లేదో అడిగేలోపే కింద బండి స్టార్టయిపోద్ది. ఇంకో రకం మనుషులు నెలకి ఒకరో ఇద్దరో. "ఛార్జర్ పెట్టిన పది నిమిషాలకి ఫ్యాన్ ఆగిపోతోంది. బ్యాటరీ మీదైతే ఆగట్లేదు. మొన్న ఆదివారం దాకా బాగానే ఉంది" అంటారు. వీళ్లు సగం రిపేరు ఇంట్లోనే చేసుకొచ్చినట్టు. వీళ్లకి సర్వీసింగ్ ఛార్జీలో యాభై తగ్గిస్తాను, చెప్పకుండానే.

ఓపెన్ సోర్స్ (కోడ్ ఎవరైనా చూడగలిగే) ఆపరేటింగ్ సిస్టమ్‌కి సాయం చెయ్యడమంటే పెద్ద పెద్ద ప్రోగ్రామర్ల వ్యవహారం అనుకుని చాలామంది ఆ గుమ్మం తొక్కరు. నేను డిప్లొమా మధ్యలో వదిలేసినవాణ్ణి. సి భాషలో రాసింది చదివితే అర్థమవుద్ది, సొంతంగా రాయమంటే చెమట పడుతుంది. అయినా పదేళ్లకు పైగా ఓపెన్‌బిఎస్‌డి అనే అలాంటి సిస్టమ్‌కి, ఏ మెషిన్లో ఏది నడిచిందో ఏది నడవలేదో రిపోర్టులు పంపుతున్నాను, అప్పుడొకటి అప్పుడొకటిగా చిన్న చిన్న దిద్దుబాట్లు కూడా. అందులో నాకు పనికొచ్చింది కోడింగ్ కాదు, ఆ రెండో రకం కస్టమర్‌లా మాట్లాడటం. అదెలాగో నా బల్ల మీద జరిగినవాటితోనే చెబుతాను.

ముందే ఒక మాట. కమాండ్లు కూడా తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. మెషిన్ మీద మాత్రం ఇంగ్లీషు చిన్నబడిలో కొట్టాలి. పెద్దబడి అవసరమైన చోట విడిగా చెబుతాను.

ఎవరికి పంపుతున్నాం

ఓపెన్‌బిఎస్‌డిని 1995లో థియో డి రాడ్ట్ అనే ఆయన నెట్‌బిఎస్‌డి అనే ఇంకో సిస్టమ్ నుంచి విడిపోయి, కెనడాలోని కాల్గరీలో మొదలెట్టాడు. పేరు మీరు వినకపోయినా దాని సరుకు వాడే ఉంటారు. దూరంగా ఉన్న సర్వర్‌లోకి లాగిన్ అవడానికి ప్రపంచమంతా వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 1999లో వీళ్లింట్లో పుట్టిందే. ఆరు నెలలకోసారి కొత్త విడుదల వస్తుంది. చేసేవాళ్లలో ఎక్కువమంది ఉద్యోగం అయ్యాక రాత్రిళ్లు కూర్చుని చేసేవాళ్లు.

వాళ్ల దగ్గర తెలివికి కొదవ లేదు. లేనివి మెషిన్లు. లోకంలో ఉన్న ప్రతి ల్యాప్‌టాప్‌నీ, ప్రతి డాంగిల్‌నీ ఎవరు కొనుక్కోగలరు? మన దగ్గర అవే కుప్పలుగా ఉన్నాయి. వేలంలో కొన్న ఆఫీసు డెస్క్‌టాప్‌లు, రుషికొండ కంపెనీలు లీజు తీరాక వదిలించుకున్న ల్యాప్‌టాప్‌లు, అమెరికా నుంచి ఎవరి అన్నయ్యో పట్టుకొచ్చి ఇక్కడ ఛార్జర్ దొరక్క మూలపడ్డవి. నా షాపులో ఒక్క వారంలో బల్ల మీదకి వచ్చేవాటిని ఒక డెవలపర్ జన్మలో చూడకపోవచ్చు.

మేనకోడలి ల్యాప్‌టాప్

పోయిన దసరా సెలవల్లో మా మేనకోడలు షాపుకొచ్చింది. ఎంవీపీ కాలనీ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. దాని చేతిలో సెకండ్‌హ్యాండ్ థింక్‌ప్యాడ్.

"మావయ్యా, నువ్వు ఎవరికో మెయిళ్లు పంపుతావంట కదా. నాకూ చూపించు."

"చూపిస్తాను గానీ అమ్మడూ, ముందు ఆ మురీ మిక్చర్ పొట్లం కీబోర్డు మీంచి తియ్యి."

ఇన్‌స్టాల్ గురించి ఎక్కువ రాయను. ఓపెన్‌బిఎస్‌డి ఇన్‌స్టాల్ ఫైల్‌ని (దాన్నే ఇమేజ్ అంటారు) పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, అడిగిన ప్రశ్నలకి చాలావరకు ఎంటర్ కొట్టుకుంటూ పోవడమే. ఒక్క చోట మాత్రం ఆగి చదవండి: ఏ డిస్కు అని అడిగినప్పుడు. పొరపాటున ఎంటర్ కొడితే అందులో ఉన్నదంతా పోయినట్టే. అందుకే లోపలి డిస్కు జోలికి పోకుండా రెండో పెన్‌డ్రైవ్ గుచ్చి, దాని మీదే ఇన్‌స్టాల్ చేస్తాను. కస్టమర్ల మెషిన్లయితే వాళ్లనడిగి, ఇలాగే. మెల్లగా నడుస్తుంది, కానీ మెషిన్‌లో ఏమేమున్నాయో చూడ్డానికి అది చాలు.

మొదటిసారి బూట్ అయ్యాక చాలామంది ఆగిపోయేది వైఫై దగ్గర. చాలా వైఫై చిప్పులకి కంపెనీవాళ్ల ఫర్మ్‌వేర్, అంటే చిప్పు లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్, కావాలి. లైసెన్సు కారణంగా అది ఇన్‌స్టాల్ ఇమేజ్‌లో ఉండదు, నెట్ నుంచి దింపుకోవాలి. నెట్ కావాలంటే వైఫై కావాలి, వైఫైకి ఫర్మ్‌వేర్ కావాలి, ఫర్మ్‌వేర్‌కి నెట్ కావాలి. ఈ తిరగలిలోంచి బయటపడే దారి మన జేబులోనే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో గుచ్చి, సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యండి. చాలా ఫోన్లు 'యుఆర్‌ఎన్‌డిఐఎస్0' అనే పేరుతో నెట్‌వర్క్ కార్డులా కనపడతాయి. రూట్‌గా (మెషిన్ మీద అన్ని అధికారాలూ ఉన్న ఖాతాతో) 'ఇఫ్‌కాన్ఫిగ్ యుఆర్‌ఎన్‌డిఐఎస్0 ఇనెట్ ఆటోకాన్ఫ్' అని కొడితే ఫోన్ డేటా మీద నెట్ వచ్చేస్తుంది. ఆ తర్వాత 'ఎఫ్‌డబ్ల్యూ అండర్‌స్కోర్ అప్‌డేట్' కొట్టండి. ఏయే ఫర్మ్‌వేర్ కావాలో అదే చూసుకుని దింపుకుంటుంది. ఒకసారి రీబూట్ చెయ్యండి. ఇది చెయ్యకుండా "వైఫై రావట్లేదు" అని రిపోర్టు పంపితే మీరు మొదటి రకం కస్టమర్ కిందే లెక్క.

అప్పుడు రూట్‌గా 'మెయిల్' అని కొట్టి చూడమన్నాను. కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన ప్రతి మెషిన్లోనూ థియో డి రాడ్ట్ పేరుతో ఒక ఉత్తరం ఉంటుంది. మా అమ్మాయికి నవ్వొచ్చింది, "నాకు ఉత్తరం రాశాడేటి?" అని. అందులో కొత్తవాళ్లకి చెప్పే మాటలతో పాటు మీ మెషిన్ డీమెసేజ్ పంపమనే కోరిక ఉంటుంది. అంటే ఇది నేను కనిపెట్టిన సేవ కాదు, వాళ్లే గుమ్మంలో నిలబెట్టి అడుగుతున్నారు.

డీమెసేజ్ చదవడం

డీమెసేజ్ అంటే డి, ఎం, ఇ, ఎస్, జి, ఐదక్షరాల కమాండు. కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, లేస్తూ లేస్తూ ఎదురొచ్చిన ప్రతి చిప్పునీ పేరు పెట్టి పలకరించిన జాబితా. మెషిన్ చాలా రోజులుగా ఆన్‌లో ఉంటే మొదటి వరసలు చెరిగిపోయి ఉంటాయి. అలాంటప్పుడు 'వార్' లోపల 'రన్' లోపల 'డీమెసేజ్ డాట్ బూట్' అనే ఫైల్లో బూట్ నాటి నకలు భద్రంగా ఉంటుంది.

మేనకోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని వరస తర్వాత వరస చదివించాను. ఒక వరసలో ఉండేవి ఇవి: డ్రైవర్ (చిప్పుని నడిపే ప్రోగ్రామ్) పేరు, పక్కన అంకె, 'ఎట్', అది వేలాడుతున్న బస్సు (చిప్పుల్ని మెషిన్‌కి కలిపే దారి) పేరు, ఆ తర్వాత కోట్స్‌లో చిప్పు పేరు. ఉదాహరణకి ఇంటెల్ వైఫై అయితే 'ఐడబ్ల్యూఎం0 ఎట్ పీసీఐ2' అని మొదలవుతుంది. డ్రైవర్ పేరుతో మొదలైందంటే ఆ చిప్పుకి దిక్కుందని. చివర్న 'నాట్ కాన్ఫిగర్డ్' అని ఉంటే దాన్ని ఏ డ్రైవరూ ఎత్తుకోలేదని. చిప్పు పేరు ఉండాల్సిన చోట 'అన్‌నోన్ ప్రొడక్ట్' అని, పక్కన సున్నా ఎక్స్‌తో మొదలయ్యే నంబరు ఉంటే పేరు కూడా తెలీదని. ఆ చివరి రకం వరస కనపడితే నాకు లాటరీ తగిలినట్టుంటుంది. డెవలపర్లకి తెలియని సరుకు మన బల్ల మీద ఉందన్నమాట.

దాని మెషిన్లో 'నాట్ కాన్ఫిగర్డ్' రెండు చోట్ల వచ్చింది. అమ్మాయి మొహం వేలాడేసింది. ఒకటి ఇంటెల్ ఎంఈఐ. ఇది దాదాపు ప్రతి ఇంటెల్ ల్యాప్‌టాప్‌లోనూ అలాగే ఉంటుంది, మీ పనికేమీ అడ్డు కాదు. రెండోది కార్డు రీడరు. అది మాత్రం రాసుకోమన్నాను.

తర్వాత చేత్తో చెయ్యాల్సిన పరీక్షలు. వైఫై కలుస్తోందా? హెడ్‌ఫోన్ గుచ్చితే స్పీకర్ ఆగుతోందా? వెలుతురు మీటలు పనిచేస్తున్నాయా? మూత మూసి తెరిస్తే లేస్తోందా? ఈ చివరిది అన్నిటికన్నా విలువైన పరీక్ష, ఎందుకంటే ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా మొరాయించేది నిద్ర లేచేటప్పుడే. 'ఏపీఎండీ' అనే, పవర్ సంగతి చూసుకునే సర్వీసు ఆన్ చేసి, 'జెడ్' అక్షరం మూడుసార్లు కొడితే మెషిన్ నిద్రపోతుంది. నిజంగానే కమాండు పేరు జెడ్ జెడ్ జెడ్, గురక పెట్టినట్టు. లేచాక వైఫై, సౌండు, స్క్రీన్ మళ్లీ చూడాలి. ఒక్కసారి లేచిందని మురిసిపోకండి, ఐదారుసార్లు పడుకోబెట్టి లేపండి. దాని థింక్‌ప్యాడ్ ఆరుసార్లూ లేచింది, నాలుగోసారి మాత్రం వైఫై కలవడానికి నిమిషం పైనే తీసుకుంది. "ఇదీ రాయాలా?" అంది. ఇదే రాయాలి.

రాయకూడనివి కూడా ఉన్నాయి. బ్లూటూత్ లేదని రాయకండి. 2014లోనే ఆ కోడ్ మొత్తం తీసేశారు, వాళ్లకి తెలుసు. మైక్‌లో మాట రికార్డవట్లేదని, కెమెరా నల్లగా ఉందని రాసే ముందు చూసుకోండి: ఎవరూ దొంగచాటుగా వినకుండా, చూడకుండా ఆ రెండూ మొదట్నుంచీ మూసే ఉంటాయి. 'సిస్‌సీటీఎల్' అనే సెట్టింగుల కమాండుతో 'కెర్న్ డాట్ ఆడియో డాట్ రికార్డ్', 'కెర్న్ డాట్ వీడియో డాట్ రికార్డ్' రెండిటినీ 1 చేస్తే తెరుచుకుంటాయి. నేను తెలియక మూడు వెబ్‌క్యామ్‌లు పక్కన పడేశాను.

పంపడం

డీమెసేజ్‌తో పాటు వేడి, ఫ్యాన్ లెక్కలు కూడా వాళ్లకి కావాలి. అవి 'సిస్‌సీటీఎల్ హెచ్‌డబ్ల్యూ డాట్ సెన్సర్స్' అంటే వస్తాయి. రెండిటినీ ఒకే ఫైల్లోకి మళ్లించండి. ఇంటి నెట్ నుంచి నేరుగా మెయిల్ పంపితే చాలాసార్లు అవతలికి చేరదు. అందుకని ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని మీరు రోజూ వాడే మెయిల్ నుంచే పంపండి. మామూలు పెన్‌డ్రైవ్ సాధారణంగా 'ఎస్‌డి1ఐ'గా దొరుకుతుంది, మౌంట్ చేసి కాపీ చేసుకోవడమే. పెన్‌డ్రైవ్ మీంచే బూట్ చేసి ఉంటే ఆ అంకె మారొచ్చు, డీమెసేజ్ చివరి వరసల్లో చూసుకోండి.

చిరునామా: డీమెసేజ్, ఎట్, ఓపెన్‌బిఎస్‌డి డాట్ ఆర్గ్. సబ్జెక్టులో మెషిన్ కంపెనీ, మోడల్. ఒంట్లో మొదట నాలుగైదు వరసల్లో ఏవి పనిచేశాయి, ఏవి చెయ్యలేదు. కింద ఫైల్లోని సరుకంతా అతికించండి. అటాచ్‌మెంట్ వద్దు, రంగులు, లావు అక్షరాలు వద్దు, ప్లెయిన్ టెక్స్ట్ మాత్రమే. స్క్రీన్ ఫొటో తీసి పంపేవాళ్లుంటారు. ఫొటోలో నంబరు వెతకడం ఎంత నరకమో వాట్సాప్‌లో ఎర్రర్ ఫొటోలు అందుకునే నాకు తెలుసు.

అన్నీ చక్కగా పనిచేసినా పంపండి. ఈ మోడల్లో ఈ చిప్పు నడుస్తోందని తెలియడం కూడా వాళ్లకి లెక్కే. రేపు ఏదైనా మారిస్తే ఎక్కడ తేడా కొట్టిందో పోల్చుకోడానికి పాతది ఉండాలి కదా. అందుకే ప్రతి విడుదలకీ అదే మెషిన్ డీమెసేజ్ మళ్లీ పంపుతాను.

ఒక జాగ్రత్త: డీమెసేజ్‌లో నెట్‌వర్క్ కార్డు మ్యాక్ అడ్రసు (ఆ కార్డు సొంత గుర్తింపు నంబరు), కొన్నిసార్లు డిస్కు గుర్తింపు నంబరు ఉంటాయి. నా మెషిన్లయితే అలాగే పంపేస్తాను. కస్టమర్ మెషిన్ అయితే ఆ రెండూ ఎక్స్‌లతో కప్పేస్తాను, కప్పానని పైన రాస్తాను. మిగతా దేన్నీ ముట్టుకోకూడదు.

ఇంగ్లీషు రాదని భయపడకండి. మా మేనకోడలు "రెస్పెక్టెడ్ సర్" అని మొదలెట్టి, "ప్లీజ్ డు ద నీడ్‌ఫుల్" అని ముగించింది. రెండూ కొట్టేశాను. మధ్యలో మిగిలిన నాలుగు ముక్కలు బ్రహ్మాండంగా ఉన్నాయి: సస్పెండ్, ఆరుసార్లు, నాలుగోసారి వైఫై ఆలస్యం, కార్డు రీడరు రాలేదు.

ఈ చిరునామాకి పంపినదానికి జవాబు వస్తుందని చూడకండి. డెవలపర్లు కావలసినప్పుడు వెతుక్కునే కొట్టుగది అది.

జవాబు కావాల్సిన తెగులైతే (బగ్) దారి వేరు. దానికి 'సెండ్‌బగ్' అనే కమాండుంది. రూట్‌గా నడిపితే డీమెసేజ్, పీసీఐ, యూఎస్‌బీ, ఏసీపీఐ వివరాలన్నీ తనే పోగేసి ఫారం తయారుచేస్తుంది. కమాండు పక్కన గీత (హైఫన్) పెట్టి పెద్దబడి 'పి' తగిలిస్తే పంపకుండా తెర మీద చూపిస్తుంది, ఫైల్లోకి మళ్లించుకోవచ్చు. ఫారంలో నాకు ముఖ్యం ఒక్క గడే: తెగుల్ని మళ్లీ ఎలా రప్పించాలి. అది నింపలేకపోతే ఇంకా పంపే టైం రాలేదని. పంపేముందు 'సిస్‌అప్‌గ్రేడ్'కి గీత, 'ఎస్' తగిలించి కొత్త స్నాప్‌షాట్ (విడుదలకి ముందు, తాజా మార్పులతో కట్టిన నకలు) ఎక్కించి చూడండి. మీరు పట్టుకున్న తెగులు పోయిన వారమే ఎవరో బాగుచేసి ఉండొచ్చు.

ఉప్పుగాలి

ఇక్కడ నా పరువు పోయిన సంగతి చెప్పాలి.

బీచ్ రోడ్డు వైపు అపార్ట్‌మెంట్ నుంచి ఒక డెస్క్‌టాప్ వచ్చింది. యజమాని వద్దనుకుంటే నేనే కొనుక్కుని ఓపెన్‌బిఎస్‌డి ఎక్కించాను. రోజుకి రెండుసార్లు ప్యానిక్, అంటే కెర్నల్ ఇక ముందుకు పోలేనని ఆగిపోవడం. ఒకసారి డిస్కు కోడ్‌లో, ఒకసారి నెట్‌వర్క్‌లో, ఒకసారి ఏ సంబంధమూ లేని చోట. కెర్నల్లో పెద్ద తెగులు పట్టుకున్నానని పొంగిపోయి, రాత్రి పదకొండు దాకా కూర్చుని పొడుగాటి రిపోర్టు రాసి పంపాను. మర్నాడు ఒకాయన ఒక్క వరస రాశాడు: చోటు మారుతూ ప్యానిక్ వస్తోందంటే మెమరీ చూసుకోమని. ర్యామ్ బయటికి లాగాను. బంగారు రంగులో మెరవాల్సిన కాంటాక్ట్‌లు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి.

ఇరవయ్యేళ్లుగా ఈ ఊళ్లో రిపేర్లు చేస్తున్నవాణ్ణి. సముద్రం వైపు ఇళ్ల నుంచి వచ్చిన ఏ మెషిన్‌కైనా మొదట చేసే పని ర్యామ్ తీసి పెన్సిల్ రబ్బరుతో కాంటాక్ట్‌లు రుద్ది, స్లాట్‌లో ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) కొట్టి బ్రష్ చెయ్యడం. కస్టమర్‌కి చేసేది నా మెషిన్‌కి చెయ్యలేదు. రుద్ది పెట్టాక ప్యానిక్ మళ్లీ రాలేదు. "తప్పు నాదే, ర్యామ్ చిలుము పట్టింది" అని అదే మెయిల్‌కి జవాబు రాశాను. ఈ రెండో మెయిల్ రాయడం తప్పించుకోకండి. లేకపోతే ఎవరో పాపం లేని తెగులు కోసం తవ్వుతూనే ఉంటారు.

కాబట్టి విశాఖ నుంచి రిపోర్టు పంపేవాళ్లకి నా వరస ఇది: ముందు రబ్బరు, తర్వాత ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్ (మెమరీని పరీక్షించే ప్రోగ్రామ్), అప్పుడు ఓపెన్‌బిఎస్‌డి మీద అనుమానం.

నిజమైన ప్యానిక్ అయితే తెర మీద 'డీడీబీ' అనే గుర్తు వచ్చి ఆగుతుంది. కంగారుపడి పవర్ బటన్ నొక్కేయకండి. కనీసం 'షో ప్యానిక్', 'ట్రేస్', 'పీఎస్' ఈ మూడూ కొట్టి వచ్చిందంతా రాబట్టాలి. ఫొటోలు వద్దన్నాను గానీ ఇక్కడ మాత్రం తప్పదు, అంతా ఆగిపోయాక ఇంకెలా తెస్తాం? ఫోన్ నిటారుగా పట్టి, ట్యూబ్‌లైట్ మెరుపు పడకుండా తీసి, ముఖ్యమైన వరసలు చేత్తో టైపు చేసి పెట్టండి. అయ్యాక 'బూట్ రీబూట్'.

హుద్‌హుద్ నాటి అచ్చుతప్పు

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను మా ఊరి మీద పడింది. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. షాపు రేకులు ఎగిరిపోయాయి. పక్కవీధిలో జనరేటర్ ఉన్నవాళ్ల దగ్గర ల్యాప్‌టాప్ ఛార్జ్ చేయించుకుని తెచ్చుకునేవాణ్ణి. నెట్ లేనప్పుడు కంప్యూటర్‌లో చూడ్డానికేముంది? ఓపెన్‌బిఎస్‌డిలో ఉంది. ప్రతి కమాండుకీ, ప్రతి డ్రైవర్‌కీ మ్యాన్ పేజీ (వాడుక వివరాల పేజీ) మెషిన్లోనే ఉంటుంది, శ్రద్ధగా రాసినవి. పొద్దుపోక డ్రైవర్ల పేజీలు ఒక్కొక్కటీ చదివాను. ఒకదాని అడుగున 'ఇవి కూడా చూడండి' వరసలో ఉన్న పేజీ తెరవబోతే అలాంటి పేజీయే లేదంది.

నా మొదటి దిద్దుబాటు అదే. నెట్ వచ్చాక కొత్త సోర్సు (వాళ్లు రాసిన అసలు ఫైళ్లు) దింపి చూస్తే తప్పు ఇంకా అలాగే ఉంది. ఒక్క వరస తీసేశాను.

మీరూ ఇక్కడే మొదలెట్టండి. మ్యాన్ పేజీల సోర్సులో చాలా వరసల ముందు చుక్కతో మొదలయ్యే చిన్న గుర్తులుంటాయి. వేరే పేజీని చూపించేదానికి చుక్క, పెద్దబడి ఎక్స్, చిన్నబడి ఆర్. పక్క వరసలు ఎలా ఉన్నాయో చూసి అలాగే రాయడమే. దిద్దాక 'మ్యాన్‌డాక్'కి గీత, పెద్దబడి 'టి', 'లింట్' కలిపి నడిపితే తప్పులు చెబుతుంది. లేని పేజీని చూపిస్తే ఇప్పుడు అదే పట్టుకుంటుంది, హుద్‌హుద్‌తో పని లేదు. ఒక్క హద్దు పాటించండి: తప్పుని దిద్దండి, భాషని అందంగా మార్చబోకండి. "ఇలా రాస్తే బాగుంటుంది" అనేదానికి అంతులేదు, ఎవరి ఇష్టం వాళ్లది.

డ్రాయర్లో డాంగిల్

మన ఇళ్లలో ప్రతి డ్రాయర్లోనూ ఒక పాత త్రీజీ డాంగిల్ ఉంటుంది. నా దగ్గర పదకొండున్నాయి. అందులో ఒకటి గుచ్చితే డీమెసేజ్‌లో మోడెమ్ రాలేదు, 'సీడీ0' అని వచ్చింది. పాడైపోయిందనుకోకండి. ఈ డాంగిళ్లు మొదట విండోస్ డ్రైవర్ దాచుకున్న సీడీలా వేషం వేస్తాయి. 'యూఎంఎస్ఎం' అనే డ్రైవర్ వాటిని గుర్తుపట్టి వేషం మార్పిస్తుంది. గుర్తుపట్టేది నంబర్ల పట్టిక చూసి. నా డాంగిల్ నంబరు ఆ పట్టికలో లేదు, అంతే తేడా.

'యూఎస్‌బీడెవ్స్'కి గీత, 'వి' తగిలించి చూస్తే కంపెనీ నంబరు, మోడల్ నంబరు వచ్చాయి. 'ఎజెక్ట్ సీడీ0' కొట్టాను. డాంగిల్ మీద దీపం ఆరి, మళ్లీ వెలిగింది. ఈసారి 'యూజెన్0'గా తేలింది, ఏ డ్రైవరూ ఎత్తుకోని యూఎస్‌బీ సరుకు చేరే చోటు అది. మోడల్ నంబరు కూడా మారింది. వేషంలో ఒక నంబరు, వేషం తీశాక ఇంకో నంబరు. రెండూ కాగితం మీద రాసుకున్నాను.

కెర్నల్ సోర్సులో 'యూఎస్‌బీడెవ్స్' అనే ఫైలే ఉంది. అందులో ఆ కంపెనీ వరసల మధ్య, నంబర్ల వరస క్రమంలో, నా రెండూ చేర్చి అక్కడే 'మేక్' (సోర్సు నుంచి కావాల్సిన ఫైళ్లు పుట్టించే కమాండు) కొట్టాను. డ్రైవర్ పట్టికలో అదే కంపెనీ డాంగిల్ వరస ఒకటి చూసి, దాని కిందే నావి రెండు. వేషం మార్పించే పద్ధతి ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, పక్క వరసలో ఉన్నదే పెట్టాను. కెర్నల్ కట్టడానికి ఆ పాత మెషిన్ అరగంట పైనే తీసుకుంది. కిందకెళ్లి టీ తాగొచ్చి రీబూట్ చేశాను. డాంగిల్ గుచ్చితే సీడీ రాలేదు, మోడెమ్ వచ్చింది. సిమ్ వేసి నెట్ కూడా కలిపి చూశాను. నెట్ కలిపి చూడకుండా పంపడమంటే, అసెంబుల్ చేసి ఆన్ చెయ్యకుండా కస్టమర్ చేతిలో పెట్టడమే.

డిఫ్ తీసి పంపడం

'సివిఎస్ డిఫ్'కి గీత, 'యు', 'పి' తగిలించి నడిపితే మీరు మార్చిన వరసలు మాత్రం బయటికొస్తాయి, దాన్నే డిఫ్ అంటారు. అది 'టెక్' ఎట్ ఓపెన్‌బిఎస్‌డి డాట్ ఆర్గ్‌కి వెళ్లాలి. గిట్‌హబ్ అనే కోడ్ సైట్లో కనపడేది నకలు మాత్రమే, అక్కడ పుల్ రిక్వెస్ట్ (మార్పు కలపమనే విన్నపం) పెడితే ఎవరూ తీసుకోరు.

నా డాంగిల్ డిఫ్ మొదటిసారి తిరిగొచ్చింది. బ్రౌజర్లో మెయిల్ తెరిచి అందులో అతికించాను. ఆ మెయిల్ ట్యాబులన్నిటినీ స్పేసులు చేసేసింది, పొడుగు వరసల్ని విరిచేసింది. కళ్లకి మామూలుగానే కనపడుతుంది, అవతల, డిఫ్‌ని సోర్సుకి అతికించే 'ప్యాచ్' కమాండుకి మాత్రం ఎక్కదు. అప్పట్నుంచి ఏది పంపినా ముందు నాకే పంపుకుంటాను. వచ్చిన మెయిల్‌ని ఫైల్‌గా దాచి, 'ప్యాచ్'కి గీత, పెద్దబడి 'సి' తగిలించి నడుపుతాను. అది ఏమీ మార్చకుండా, అతుకుతుందో లేదో మాత్రం చెబుతుంది. అతికితేనే అసలు చిరునామాకి. టర్మినల్లో నడిచే మెయిల్ ప్రోగ్రామ్ ఏదైనా ఉంటే ఈ గొడవే ఉండదు.

రెండోసారి పంపాక మూడు వారాలు సడీ చప్పుడూ లేదు. తిరస్కరించారని కాదు, చదివే టైం ఎవరికీ దొరకలేదని. మర్యాదగా, అదే డిఫ్, కొత్త సోర్సు మీద మళ్లీ తీసి పంపాను. ఈసారి ఒకాయన జవాబిచ్చాడు: 'మేక్' కొడితే పుట్టిన ఫైళ్లు డిఫ్‌లో అక్కర్లేదు, అవి మేమే పుట్టించుకుంటాం, చేత్తో మార్చినవి చాలని. తీసేసి పంపాను. వాళ్లలో ఒకరు మార్పు చేర్చాలంటే ఇంకొకరు చూసి 'ఓకే' అనాలి, అదో పద్ధతి. రెండ్రోజులకి చేరింది. నా పేరు కమిట్ సందేశం (మార్పు చేర్చినప్పుడు రాసే చీటీ) చివర, "ఫ్రమ్" అని.

ఒక డిఫ్‌లో ఒకే పని పెట్టండి. డాంగిల్ చేరుస్తూ పక్కన కనపడ్డ అచ్చుతప్పు కూడా దిద్దాలనిపిస్తుంది. అది వేరే మెయిల్.

ఆ డాంగిల్ ఇంకా డ్రాయర్లోనే ఉంది. అందులో సిమ్ లేదు, దాంతో నెట్ వాడి ఏళ్లయింది. అయినా ఆరు నెలలకోసారి కొత్త విడుదల ఎక్కించగానే బయటికి తీసి, యూఎస్‌బీ పిన్నులకి పట్టిన చిలుము రబ్బరుతో రుద్ది, గుచ్చి, డీమెసేజ్ చివరి వరసలు చూస్తాను. ఈ ఏడు ఆ పని మేనకోడలికి అప్పజెప్పాను.